అమెరికా వెళ్లే పెద్దవాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్: ఫోన్‌కి నాలుగున్నర, డబ్బుకి ఒకటిన్నర

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకి మన దగ్గర అమ్మే ఓవర్సీస్ ట్రావెల్ పాలసీ గురించి ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయను. అరవై దాటినవాళ్లకి అమ్మే పాలసీలు చాలావరకు ఇదే అచ్చులో ఉంటాయి, పేరు మారినంత మాత్రాన మీకు పెద్ద తేడా ఉండదు. మార్కులు ఐదుకి మూడు. ఆపదలో ఫోన్ ఎత్తినందుకు నాలుగున్నర, తర్వాత డబ్బు కట్టిన తీరుకి ఒకటిన్నర, సగటు వేస్తే అంతే వచ్చింది.

మాది తెనాలి. సబ్‌పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటారు. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు మొదటి పేజీ చూపించి, "యాభై వేల డాలర్లండీ, అన్నీ కవరవుతాయి, మీరు నిశ్చింతగా వెళ్లిరండి" అన్నాడు. నేను పేజీలు తిప్పుతుంటే అతనికి టైమ్ అయిపోతున్నట్టు మొహం పెట్టాడు. అసలు విషయమంతా లోపలి పట్టికలో ఉంది. ఎమర్జెన్సీ రూమ్‌కి ఇంత, స్కాన్లకి ఇంత, రోజుకి గది అద్దె ఇంత, సర్జన్‌కి ఇంత అని విడివిడిగా గీతలు గీసి పెట్టారు. దీన్నే సబ్-లిమిట్ అంటారు. యాభై వేలు అనేది మొత్తానికి పైకప్పు. దాని కింద ప్రతి గదికీ విడిగా తాళం ఉంటుంది.

అక్కడికి వెళ్లాక ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడకి నడుము పక్కన నొప్పి మొదలైంది. కాసేపట్లో కూర్చోలేదు, పడుకోలేదు. చిన్నా చితకా జబ్బులకి వెళ్లే అర్జంట్ కేర్ క్లినిక్కులు ఆ వేళకి మూసేస్తారు. దగ్గర్లోనే హాస్పిటల్ ఉంది, మా అల్లుడు కారు తీశాడు. గుండెనొప్పో, ఆయాసమో, మాట తడబడటమో అయితే కారు జోలికి పోకుండా 911కి ఫోన్ చేయాలి. అంబులెన్స్‌కి బిల్లు విడిగా వస్తుందని ఆలోచిస్తూ కూర్చునే సమయం కాదది.

కౌంటర్ దగ్గర "ముందు డబ్బు కట్టండి" అంటారేమోనని నాకు టెన్షన్. అనలేదు. 1986లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని డబ్బున్నా లేకపోయినా ముందు పరీక్షించాలి, పరిస్థితి కుదుటపడేలా చూడాలి. ఇన్సూరెన్స్ కార్డు ఎదురుగా ఉంటే మంచిదే, కానీ అది లేదని వైద్యం ఆగదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. నర్సు ఒక టాబ్లెట్ కంప్యూటర్ తెచ్చి మంచం పక్కన పెడితే అందులోంచి తెలుగులో పలికారు. మాటలు తర్జుమా చేసే దుబాసీ ఆవిడ. పైసా తీసుకోరు, అడిగితే చాలు. "మెలిపెడుతోందమ్మా, వెనకనించి పొత్తికడుపులోకి దిగుతోంది" అని మా ఆవిడ చెప్పింది చెప్పినట్టు డాక్టరుకి చేరింది. మా అమ్మాయి ఇంగ్లీషు బాగానే మాట్లాడుతుంది, కానీ ఏడుస్తూ ఉంది. కిడ్నీలో రాయి అని స్కాన్‌లో తేలింది. తెల్లారేసరికి మందులిచ్చి పంపేశారు.

ఈలోపు నేను పాలసీ కార్డు మీదున్న టోల్‌ఫ్రీ నంబర్‌కి చేశాను. రెండో రింగుకే ఎత్తారు. పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు, హాస్పిటల్ పేరు అడిగి, క్లెయిమ్ నంబరు ఇచ్చి, హాస్పిటల్ బిల్లింగ్ వాళ్లకి ఉత్తరం పంపారు. తర్వాత ఒకసారి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి "అమ్మగారికి ఎలా ఉంది సర్" అని కనుక్కున్నారు. నాలుగున్నర మార్కులు అందుకే. నంబర్లన్నీ కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి, అర్ధరాత్రి ఫోన్‌లో పీడీఎఫ్ వెతకడం జరిగే పని కాదు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో ఒక్క రాత్రికి ఒక్క బిల్లు రాదు. హాస్పిటల్‌ది ఒకటి, చూసిన డాక్టరుది ఒకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుది ఇంకొకటి. ఆ మూడోది మేం తెనాలి వచ్చేశాక మా అమ్మాయి ఇంటికి వచ్చింది. సబ్-లిమిట్ల పుణ్యమా అని హాస్పిటల్ బిల్లులో సగం కూడా కంపెనీ భరించలేదు. మా అమ్మాయి బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, వీళ్లు విజిటర్లు, ఇక్కడ ఆదాయం లేదు అని చెబితే మిగిలిన దాంట్లో బాగానే తగ్గించారు. లాభాపేక్ష లేని హాస్పిటళ్లు పేదవాళ్లకి ఆర్థిక సాయం చేసే విధానం రాతపూర్వకంగా పెట్టుకోవాలని అక్కడి చట్టం. అడగడానికి మొహమాటపడితే పూర్తిగా కట్టాలి.

కంపెనీ కాగితాల దాహం వేరే కథ. వివరాలతో ఉన్న బిల్లు, డిశ్చార్జి కాగితం, డాక్టరు రిపోర్టు, ప్రయాణం రుజువు అడిగారు. అమెరికాలో దిగినప్పుడు మా పాస్‌పోర్టుల మీద ముద్రే వేయలేదు. ఐ-94 అని, మనం అమెరికాలో అడుగుపెట్టినట్టు అక్కడి ప్రభుత్వం రాసుకునే రికార్డు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ప్రింట్ తీసి పంపాం. ఆ తర్వాత "రాయి ముందునుంచీ ఉందేమో, లేదని మీ ఊరి డాక్టరు చేత రాయించండి" అన్నారు. బీపీ, షుగరు ఉన్నాయని మేం ముందే రాసిచ్చిన ఫారం వాళ్ల దగ్గరే ఉంది. తెనాలిలో మా డాక్టరు గారు నవ్వి, లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసి ముద్ర కొట్టారు.

మళ్లీ వెళ్తే అక్కడి కంపెనీలు విజిటర్ల కోసం అమ్మే కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకుంటాను. ప్రీమియం ఎక్కువ, మొదట కొంత మనం కట్టుకోవాలి. కానీ ఆ తర్వాత ఒక్కో ఐటమ్‌కి ఇంతే అని కోయకుండా బిల్లులో శాతం లెక్కన ఇస్తారు. పాత జబ్బుల గురించి ఏం రాశారో అందులోనూ చదవాలి. విమానం ఎక్కాక కూడా కొనుక్కోవచ్చు, ఇక్కడి పాలసీల్లాగా బయలుదేరే ముందే తీసుకోవాలని లేదు.

రేడియాలజిస్టు బిల్లు ఇంకా తేలలేదు. "పరిశీలనలో ఉంది" అని మెయిల్ మీద మెయిల్ వస్తోంది. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాసి, బీమా కంపెనీల మీద ఫిర్యాదుల కోసం నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టాను. నెలలోపు సరైన జవాబు రాకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫైలు ఇప్పటికే కట్టి పెట్టాను.