చాయ్, హెర్బాతా: స్లావిక్ భాషల్లో టీ

రష్యన్, ఉక్రేనియన్, చెక్, స్లోవాక్, సెర్బియన్, క్రొయేషియన్, బల్గేరియన్: అన్నిటా మాట ఒకటే, 'చాయ్'. చైనీస్ 'చా' పర్షియన్‌లో 'చాయ్'గా మారి భూమార్గాన వచ్చింది. హైదరాబాదీ చాయ్‌దీ ఆ వంశమే.

పోలిష్ వేరు. అక్కడ 'హెర్బాతా'. ఇది లాటిన్ 'హెర్బా థేయా' నుంచి పుట్టింది. 'హెర్బా' అంటే మూలిక; 'థేయా' మాత్రం చైనాలోని ఫూజియన్ తీరపు 'తే', డచ్ ఓడల్లో యూరప్ చేరింది. బెలారూసియన్‌లో 'హర్బాతా', 'చాయ్' రెండూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, పోలిష్‌లో కెట్‌లును 'చైనిక్' అంటారు; అది రష్యన్ నుంచి తెచ్చుకున్నది.

ఆర్డర్ చేసేటప్పుడు పొరపాటు పడేది అర్థం దగ్గరే. పేరులో మూలిక ఉన్నా, వార్సాలో 'హెర్బాతా' అడిగితే మామూలుగా తేయాకు టీయే వస్తుంది. మూలికలది కావాలంటే 'జొవోవా' చేర్చాలి. బల్గేరియా, సెర్బియా, క్రొయేషియాల్లో తిరకాసు: ఉత్త 'చాయ్' అంటే పుదీనాదో చామంతిదో రావచ్చు. తేయాకుదే కావాలంటే సోఫియాలో 'చెరెన్ చాయ్', జాగ్రెబ్‌లో 'త్స్ర్‌ని చాయ్' అనాలి.

వ్యాకరణంలో 'చాయ్' తేలిక: పుంలింగం, కర్మగా వచ్చినా రూపం మారదు. 'హెర్బాతా' స్త్రీలింగం, అడిగేటప్పుడు చివర మారుతుంది: 'పోప్రోషె హెర్బాతె'.