పడమటి గోడకు మట్టి జాలీ: ఏడు వేసవుల తర్వాత

నేను ఆర్కిటెక్టును. విజయవాడలో మా ఇంటి మొదటి అంతస్తులోనే ఆఫీసు నడుపుతున్నాను. పడమటి గోడకు రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నేరుగా డ్రాయింగు బల్ల మీదికే వచ్చేది. రాత్రి తొమ్మిదింటికి కూడా గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమనేది. మందపాటి కర్టెన్లు వేశాం, అద్దాలకు ఫిల్మ్ అంటించాం. కానీ ఎండ అద్దం దాటాక కర్టెన్ దానిని ఆపినా, వేడి మాత్రం గదిలోనే ఉండిపోతుంది.

అందుకే 2018లో గోడకు బయట అడుగున్నర ఎడంగా, ఇనుప ఫ్రేములో కాల్చిన మట్టి జాలీ బ్లాకులు, అంటే రంధ్రాలున్న ఇటుకలు, పేర్పించాను. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన, సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) వారి సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లోని జాలీ గోడలు అప్పటికే నా మనసులో ఉన్నాయి. దక్షిణపు కిటికీలకు మామూలు సన్‌షేడ్ చాలు, ఎందుకంటే అటువైపు ఎండ పైనుంచి పడుతుంది. పడమట సాయంత్రపు ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కింద నుంచి దూరి వస్తుంది కనుక, దానికి నిలువునా అడ్డు కావాలి. బ్లాకు మందం నాలుగంగుళాలు కావడంతో, రంధ్రాల అంచులే చాలాసేపు ఆ పని చేస్తాయి. పొద్దు బాగా వాలాక మాత్రం నేల మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుంది, అప్పటికి దానిలో అంత వేడి ఉండదు. జాలీ వెనుక వేడెక్కిన గాలి పైకి పోవడానికి పై అంచును తెరిచే ఉంచాను. దానిని మూసేస్తే సగం ప్రయోజనం పోతుందని నా నమ్మకం.

ఇప్పుడు రోహిణి కార్తెలో కూడా సాయంత్రం ఆ గోడ లోపలి వైపు గోరువెచ్చగానే ఉంటుంది. ఒకప్పుడు పదకొండింటికే వేసే ఏసీని ఇప్పుడు రెండు దాటాక వేస్తున్నాం.

లోపాలూ ఉన్నాయి. మేస్త్రి వరుసల మధ్య సన్న ఇనుప చువ్వలు వేయకపోవడంతో రెండో నెలకే ఒక వరుస బయటికి ఉబ్బింది, విప్పి మళ్లీ కట్టించాను. వానాకాలంలో నాలుగింటికే దీపం వేసుకోవాలి. ఫ్రేము అడుగున తుప్పు పట్టింది, రెండేళ్లకోసారి రంగు తప్పదు. అన్నిటికన్నా ఇబ్బంది పావురాలు: గూళ్లు, రెట్టలు, దుమ్ము కలిసి కిటికీ గట్టు మీద మందంగా పేరుకుపోయాయి, అడుగున్నర సందులో మనిషి వంగి శుభ్రం చేసే వీలు లేదు. చివరికి పై అంచుకు సన్నని వల కట్టించాను. అది గాలిని ఆపదు.

జాలీ కట్టించుకోవాలనుకునేవారికి నేను నిస్సంకోచంగా అవుననే చెబుతాను. అయితే ఇప్పుడు గీస్తున్న ఎలివేషన్లలో (భవనం బయటి వైపు చూపే డ్రాయింగుల్లో) ఎడం రెండున్నర అడుగులు పెడుతున్నాను, మనిషి లోపలికి దిగడానికి పక్కన ఒక చిన్న తలుపు కూడా చూపిస్తున్నాను.