వాకింగ్ ఫుట్ కొనాలా, వద్దా? బొంత తిరగేసి చూసి చెబుతున్నా

శరదృతువు రాగానే నాకు మళ్లీ కుట్టు మిషన్ ముందు కూర్చుని బొంత కుట్టబుద్ధవుతుంది. ఎండల్లో అంత బరువు గుడ్డ ఒళ్లో వేసుకుని కుట్టడం ఎవరి వల్లా కాదు. ఇప్పుడైతే కుడుతుంటేనే కాళ్లకు వెచ్చగా ఉంటుంది, చలి ముదిరేలోపు కప్పుకోవచ్చన్న ఆశా ఉంటుంది. ముక్కలు కోయడం, రంగులు జోడించడం, పావంగుళం వదిలి అతకడం... ఇదంతా మామూలు ఫుట్‌తోనే, అంటే సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే పాదంతోనే, హాయిగా సాగుతుంది. పేచీ అంతా పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున అస్తరు, ఈ మూడింటినీ కలిపి కుట్టే దగ్గరే. దానికోసమే ఈసారి వాకింగ్ ఫుట్, అంటే పైగుడ్డను కూడా జరిపే ఫుట్, తెప్పించాను. మిషన్ కంపెనీది కాదు, లో షాంక్ మిషన్లకు (ఫుట్ బిగించే స్క్రూ తక్కువ ఎత్తులో ఉండేవి) సరిపోతుందని విడిగా అమ్మే రకం.

మిషన్‌లో గుడ్డను జరిపే పళ్లు అడుగునే ఉంటాయి. మామూలు ఫుట్ పైనుంచి నొక్కి పట్టుకుంటుందే గానీ జరపదు. దాంతో అస్తరు ముందు వెళ్లిపోతుంది, పైగుడ్డ వెనకబడుతుంది. పల్చటి గుడ్డలు రెండే అయితే ఈ తేడా తెలియదు. మధ్యలో దూది ఉంటే మాత్రం పైగుడ్డ కొంచెం కొంచెంగా ఉబ్బుతూ వచ్చి, అడ్డంగా ఇంకో కుట్టు తగిలిన చోట మడతపడి కూర్చుంటుంది. వాకింగ్ ఫుట్‌కి తన సొంత పళ్లుంటాయి. పక్కనున్న చిన్న చేయి సూదిని బిగించే స్క్రూను పట్టుకుని ఉంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా ఆ చేయి కదిలి పై పళ్లను నడిపిస్తుంది. రెండు వైపులా ఒకేసారి జరుగుతాయి. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు.

బిగించడానికి ఫుట్ ఒక్కటే కాదు, దాన్ని పట్టి ఉంచే హోల్డర్ కూడా విప్పాలి. స్క్రూ చేత్తో తిప్పి వదిలేయకండి, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా బిగించండి. ఈ ఫుట్ బరువుకీ అదురుకీ అది వదులైతే సూది లోహానికి తగిలి విరుగుతుంది. మోటారు వేసే ముందు చక్రాన్ని చేత్తో ఒకసారి పూర్తిగా తిప్పి చూడండి.

ఇక ఫలితం. ఇటుక రంగు, ఆవపిండి రంగు, ముదురాకుపచ్చ పట్టీలు అతికిన పైగుడ్డ నాది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, సూది 90/14 సైజుది. మధ్య గీతతో మొదలుపెట్టి అంచుల వైపు జరుగుతూ కుట్టాను. ఈ రోజుల్లో పెందలాడే చీకటి పడుతుంది కదా, ప్రతి గీత అయ్యాక బొంత తిరగేసి టేబుల్ దీపాన్ని పక్కకు వంచి చూసేదాన్ని. ఏటవాలు వెలుతురులో చిటికెన వేలంత ముడత ఉన్నా నీడ పడుతుంది. నీడలు పడలేదు. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట అస్తరు మీద వేలు పెట్టి రాస్తే ఎత్తుపల్లాలేమీ తగల్లేదు. ఒక్క చివరి అంచు దగ్గర కాస్త ఉబ్బింది, అక్కడ బొంత బరువు టేబుల్ మీద నుంచి కిందికి వేలాడి గుడ్డను లాగింది. పక్కన ఇంకో బల్ల వేసి బరువు దాని మీదికి ఎత్తాక కుదురుకుంది.

నూలు దూది వేస్తే ఉతికాక ఎలాగూ కుంచించుకుని బొంతంతా సన్నగా ముడుచుకుంటుంది, మరి ఇంత తాపత్రయం ఎందుకని అడుగుతారు కొందరు. ఉతుకుతో వచ్చే ముడుత బొంతంతా సమంగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కుట్టులో ఇరుక్కున్న మడత మాత్రం ఎన్ని ఉతుకులకూ పోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. చప్పుడు ఎక్కువ; రాత్రి అందరూ పడుకున్నాక టకటకమంటుంటే మొహమాటమే. వేగంగా తొక్కితే పై పళ్లు తడబడతాయి, నెమ్మదిగానే కుట్టాలి. దీంతో వెనక్కి కుట్టడం కుదరదు, అందుకని గీత మొదట్లోనూ చివర్లోనూ కుట్టు బాగా చిన్నది చేసి నాలుగైదు పోట్లు వేస్తున్నాను. ఫుట్ లావుగా ఉండటంతో సూది ఎక్కడ దిగుతోందో తల వంచి వెతుక్కోవాలి. ముందువైపు తెరిచి ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. అన్నిటికన్నా చిరాకు పెట్టింది గైడ్ కడ్డీ. గీతల మధ్య దూరం సమంగా ఉంచడానికి ఇచ్చారు గానీ, అదురుకి జారిపోతూనే ఉంటుంది. దాన్ని తీసి పక్కన పడేసి మాస్కింగ్ టేప్ అంటించుకున్నాను, టేప్ అంచు వెంట కుడుతూ పోతే గీత తిన్నగా వచ్చింది.

ఇది ఉంది కదా అని పిన్నీసులు మానేయకండి. బెత్తెడు దూరానికొకటి గుచ్చాల్సిందే, కుట్టు దగ్గరికొచ్చాక తీసేయాల్సిందే. పువ్వులూ తీగలూ సుడులూ కుట్టాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లకి కావాల్సింది డార్నింగ్ ఫుట్, కింది పళ్లు దించేసి గుడ్డను చేత్తోనే తిప్పుకోవాలి. తిన్నని గీతలు, పెద్ద వంపులు మీ పద్ధతైతే మాత్రం సందేహం లేకుండా కొనండి. కొనేముందు మీది లో షాంకో, హై షాంకో మిషన్ పుస్తకంలో చూసుకోండి. కొన్ని మిషన్లలో పై పళ్లు లోపలే అమర్చి వస్తాయి, అలాంటివాళ్లు దీని జోలికి రానక్కర్లేదు.