ప్రతివాదా, ప్రతి వాదా? ఫోను డిక్టేషన్‌తో నాలుగేళ్లు

ఫోనులో తెలుగు డిక్టేషన్ ఎలా మొదలుపెట్టాలో, మైకు బొమ్మ ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. దానితో నా తగాదా అంతా ఒక్క ఖాళీ గురించే. అక్షరాలు చాలావరకు సరిగానే పడతాయి. మాటను ఎక్కడ విడగొట్టాలో, ఎక్కడ కలిపి ఉంచాలో మాత్రం నాలుగేళ్లయినా దానికి పట్టుబడలేదు.

నేను లా కాలేజీలో సివిల్ ప్రొసీజరు, సాక్ష్యాల చట్టం చెబుతాను. కుడి మణికట్టు నొప్పి మొదలయ్యాక డాక్టరు టైపింగ్ తగ్గించమన్నారు. అప్పటి నుంచి సాయంత్రాలు అమలాపురం కాలువ గట్టు మీద నడుస్తూ నా వ్యాసాలు ఫోనుకు చెబుతున్నాను.

కిందటేడు మూట్ కోర్టుకు, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టుకు, ఒక కేసు అలాగే తయారుచేశాను. రొయ్యల చెరువు కోసం ఒకాయన ప్రామిసరీ నోటు రాసి ఇద్దరు అన్నదమ్ముల దగ్గర అప్పు తీసుకున్నాడు, తీర్చలేదు. అన్నదమ్ములు సివిల్ ప్రొసీజరు కోడ్‌లోని ఆర్డర్ 37 కింద, అంటే నోటు అప్పుల్లాంటివి త్వరగా తేల్చే పద్ధతిలో, దావా వేశారు. ఆ దావాలో ప్రతివాది నేరుగా వాదనకు దిగడానికి లేదు. ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కొంత డబ్బు జమ చేయాలన్న షరతు పెట్టి కూడా కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వునే నేను ఫోనుకు చెప్పాను: ప్రతివాది మూడు వారాల్లో 60,000 రూపాయలు కోర్టులో జమ చేయాలి. ఫోను ‘ప్రతి వాది’ అని రాసుకుంది. నేను రెండుసార్లు చదివాను. మనసులో ఉన్నదే కంటికి కనబడుతుంది కదా, నలభై కాపీలు జిరాక్సు తీయించి పంచిపెట్టాను.

విచారణ రోజు జడ్జి కుర్చీలో నేనే ఉన్నాను. అప్పు తీసుకున్నాయన తరఫున చివరి సంవత్సరం అమ్మాయి లేచి చాలా నెమ్మదిగా మొదలుపెట్టింది. “అయ్యా, వాదులు ఇద్దరు. ఉత్తర్వు ప్రకారం ప్రతి వాదీ 60,000 కట్టాలి, అంటే ఇద్దరూ కలిపి 1,20,000. నా కక్షిదారుకు ఈ షరతు వర్తించదు.” తరగతి అంతా ఒక్కసారి కాగితాల మీదకు వంగింది. అటువైపు కుర్రాడు అది అచ్చుతప్పు అన్నాడు. “మాటల అర్థం స్పష్టంగా ఉన్నప్పుడు రాసినవారి ఉద్దేశం వెతకకూడదని పోయిన వారం మీరే చెప్పారు” అంది ఆ అమ్మాయి నా వైపు చూసి. ఆ సూత్రం అసంబద్ధమైన ఫలితానికి దారితీస్తే వేరే దారి ఉందని ఆ కుర్రాడు అంటాడేమో అని చూశాను. ఉత్తర్వులో రాతపొరపాటు దొర్లితే దిద్దమని సెక్షన్ 152 కింద అడుగుతాడేమో అని ఇంకాసేపు చూశాను. రెండూ తట్టలేదు. చివరికి నేనే 152 ఎత్తి నా పొరపాటు నేనే దిద్దుకున్నాను. మార్కులు మాత్రం ఆ అమ్మాయికే వేశాను.

ఇంత గొడవ ఒక్క మాటతో పోలేదు. మరణ వాంగ్మూలం మీద, అంటే చనిపోయిన మనిషి తన చావుకు సంబంధించి ముందే చెప్పిన మాట మీద, రాస్తూ పాకాల నారాయణస్వామి కేసు చెప్పుకొచ్చాను. పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా చేసిన మనిషి శవం 1937లో పూరీ స్టేషనులో, రైలు పెట్టెలోని ట్రంకుపెట్టెలో దొరికింది. బరంపురం వెళ్తున్నానని ఆయన భార్యతో అన్న మాటను అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1939లో సాక్ష్యంగా ఒప్పుకుంది. మన వైపు కేసు దేశమంతా చదువుతుంది. నా ఫోనులో వాంగ్మూలం కాస్తా ‘వాంగ్ మూలం’ అయింది, ఎవరో చైనా ఆయన పుట్టుపూర్వోత్తరాల్లా. అలాంటి మాటను ఒప్పుకునే సాక్ష్యాల చట్టం సెక్షన్ 32(1)ని ‘ముప్పై రెండు, బ్రాకెట్లో ఒకటి’ అని చెబితే 321 పడింది. పాత శిక్షాస్మృతిలో 321 అంటే గాయపరచడం. (2024 జులై నుంచి ఆ సెక్షన్లన్నీ ఎలాగూ మారిపోయాయి, అది వేరే బాధ.)

ఇంత తిట్టాక ఒక మంచి కూడా చెప్పాలి. చేత్తో రాసినన్నాళ్లూ నా తెలుగు ‘దాఖలు పరచబడినది’, ‘ఉత్తర్వు జారీ చేయబడినది’ అన్న ధోరణిలో ఉండేది. నోటితో అలా ఎవరు చెబుతారు? డిక్టేషన్ వచ్చాక ఆ ‘బడు’ దానంతట అదే రాలిపోయింది. ఒకరోజు కౌలు చట్టం గురించి చెబుతున్నాను. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం పదకొండు నెలలు, దాని మీద యజమాని సంతకం ఉండాలి. అంతలో ఎరిగిన కౌలు రైతు ఒకాయన సైకిల్ ఆపి పలకరించారు. మైకు కట్టేయడం మరచిపోయాను. ఇంటికొచ్చి చూస్తే పేరా మధ్యలో ఆయన మాట ఉంది: “సంతకం పెడితే పొలం మాకు రాసిచ్చినట్టవుతుందని మా ఆసామి భయమండీ. దాళ్వా బస్తాలు మాత్రం కళ్ళంలోనే కొలిపించుకుంటారు.” (దాళ్వా అంటే రెండో పంట.) మర్నాడు ఆయన్ని అడిగి, పేరు లేకుండా ఆ మాట ఉంచేశాను. వ్యాసంలో నేను రాసిన ఏ పేరా దాని పక్కన నిలబడలేదు. పదోన్నతి ఇంటర్వ్యూలో ఆ వ్యాసాన్ని ఎవరూ తెరవలేదు, తెలుగులో ఉంది కాబట్టి.

రెండేళ్ల క్రితం మా స్టాఫ్ రూములో, ఇది ఉంటే టైపిస్టు అక్కరలేదని నేనే అన్నాను. చిత్తుప్రతి వరకు ఇప్పటికీ అదే అంటాను. కోర్టు కాగితాలకు, ప్రశ్నపత్రాలకు వద్దు. నాకు చేయి నొప్పి, వేగంగా మాట్లాడే అలవాటు లేదు, నడవడానికి గట్టు ఉంది. ఇవి లేనివాళ్లకు ఇంత కలిసిరాకపోవచ్చు. వర్షాకాలం కప్పల మోతలో నాకే కలిసిరాదు.

ఆ కౌలు రైతు ఇప్పటికీ ఎదురవుతారు. సైకిల్ దిగే ముందు “అది వింటోందా మాస్టారూ?” అని అడుగుతారు. కట్టేశానని ఫోను చూపించాకే సంతకం సంగతి ఎత్తుతారు.