టీనేజర్లకు యూరిన్ ఇన్ఫెక్షన్: మామూలు టెస్ట్ చాలా, కల్చర్ కూడా కావాలా?

మూత్రానికి వెళ్తే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఉన్నా ఈ వయసు పిల్లలు సిగ్గుపడి చెప్పరు, మీరే మెల్లగా అడగండి.

సమయం: మామూలు టెస్ట్ అదే రోజు వచ్చేస్తుంది. కల్చర్‌కు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే టెస్ట్‌కు, 1 నుంచి 3 రోజులు.

ఖర్చు: కల్చర్‌కే ఎక్కువ.

తెలిసేది: మొదటిది ఇన్ఫెక్షన్ ఉండొచ్చని చెబుతుంది, అంతే. కల్చర్ అయితే ఏ బ్యాక్టీరియా, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుంది అన్నదీ చెబుతుంది, నా దృష్టిలో అసలు విలువ అక్కడే ఉంది.

రిస్క్: మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టకపోతే రెండూ తప్పుదారి పట్టించొచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక శాంపిల్ ఇస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

ఆడపిల్లకు మొదటిసారి, జ్వరం లేకుండా వస్తే మామూలు టెస్ట్ చూసి డాక్టర్ మందు మొదలుపెట్టొచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, మగపిల్లాడికి వచ్చినా, మందు వాడినా తగ్గకపోయినా కల్చర్ చేయించాల్సిందే. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.