సెకండ్ లైఫ్‌లో సోఫా సెట్ కొంటున్నారా? ఫొటో చూసి డబ్బు కట్టకండి

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో ఇల్లు సర్దుకుంటున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. దాని వెబ్ సంత అయిన మార్కెట్‌ప్లేస్‌లో 1,499 లిండెన్లకు (అక్కడి డబ్బు) ఒక లివింగ్ రూమ్ సెట్ అమ్ముతున్నారు. డాలరుకు సుమారు 250 లిండెన్లు కాబట్టి మన డబ్బులో ఐదొందల రూపాయల పైమాటే. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు వేరే పేర్లతో ఇంకా చాలాచోట్ల ఉంది. లిస్టింగ్‌లో ల్యాండ్ ఇంపాక్ట్ (మీ స్థలానికున్న వస్తువుల పరిమితిలో ఆ వస్తువు తినేసే వాటా) 9 అని రాశారు. సెట్ మొత్తం రెజ్ చేస్తే, అంటే బయటికి తీసి నేల మీద పెడితే, 38 చూపిస్తోంది. ఆ 9 ఒక్క సోఫాది, అదీ చిన్న సైజులో.

1,024 చదరపు మీటర్ల స్థలానికి దొరికేది 351 మాత్రమే. ఇల్లు సొంతంగా పెట్టుకుంటే అదే వందకు పైగా తినేస్తుంది. మిగిలినదాంట్లో సోఫాకే 38 పోతే వంటగదికి, తోటకు ఏం మిగులుతుంది? పైగా మెష్‌ను (త్రిభుజాలతో అల్లిన 3డీ వస్తువును) పెద్దది చేసేకొద్దీ ల్యాండ్ ఇంపాక్ట్ కూడా పెరుగుతుంది. అందుకే లిస్టింగ్‌లో రాసిన అంకెను నమ్మకుండా షాపుకెళ్లి, ప్రదర్శనలో ఉన్న ముక్క మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్‌లో చూడండి. ఒక్కో ముక్కా విడిగా చూసి కూడండి.

అంకె తక్కువగా కనిపించినా అది మంచి పనితనమనుకోవద్దు. దూరం నుంచి చూసేటప్పుడు వాడే తేలిక రూపాన్ని మరీ నాలుగు త్రిభుజాలకు కుదించేస్తే ల్యాండ్ ఇంపాక్ట్ బాగా తగ్గుతుంది. కానీ నాలుగడుగులు వెనక్కి వేయగానే దిండ్లు మాయమవుతాయి, సోఫా కాళ్లు చిరిగిన కాగితంలా కనిపిస్తాయి. ఫొటోలు తీసేటప్పుడు ఫైర్‌స్టార్మ్‌లో (సెకండ్ లైఫ్ చూసే ఒక సాఫ్ట్‌వేర్) ఎల్‌ఓడీని, అంటే దూరపు వస్తువులను ఎంత వివరంగా చూపాలో చెప్పే అంకెను, 4కు పెట్టుకుంటారు కాబట్టి ఈ లోపం ఫొటోలో దొరకదు. మీరు దాన్ని 1కి దించి, పదిహేను ఇరవై మీటర్ల దూరం నుంచి చూడండి. "మీ ఎల్‌ఓడీ 4కు పెట్టుకోండి" అని నోట్‌కార్డ్‌లో (వస్తువుతో ఇచ్చే చీటీలో) రాసిన షాపులో కొనకపోవడమే మేలు. మీరు పెట్టుకున్నా, మీ ఇంటికొచ్చే అతిథి పెట్టుకోడు కదా.

అదే ఎడిట్ కిటికీలో, జనరల్ ట్యాబ్‌లో క్రియేటర్ పేరు ఉంటుంది. అది అమ్మేవాళ్ల పేరు కాకపోతే ఆ పేరుతో మార్కెట్‌ప్లేస్‌లో వెతకండి. చాలాసార్లు అది ఫుల్ పర్మిషన్ కిట్ అయి ఉంటుంది: ఒకరు చేసిన మెష్ కొని, రంగులు మార్చి, పదిమంది పది ధరలకు అమ్ముతారు. కిట్ వాడటం తప్పేమీ కాదు, లైసెన్స్ ఉంటే చాలు. కానీ అలాంటి సోఫాకు నూటయాభై లిండెన్లు దాటి ఇవ్వాల్సిన పని లేదు. సొంతంగా చేసిన మెష్, కాపీ చేసుకునే, మోడిఫై (మార్పులు) చేసుకునే పర్మిషన్లు రెండూ ఉండి, పన్నెండు లోపు ల్యాండ్ ఇంపాక్ట్ అయితే మా లెక్కన మూడొందల నుంచి ఆరొందల లిండెన్ల దాకా న్యాయమైన ధర. అదీ తొందర లేకపోతే ఆగండి, మంచి షాపులే వారాంతాల్లో 50, 60 లిండెన్లకు వస్తువులు పెడుతుంటాయి.

పర్మిషన్ల సంగతి చాలామంది పట్టించుకోరు, ధరలో సగం అక్కడే ఉంది. మోడిఫై లేకపోతే మీ గది కొలతకు తగ్గించుకోలేరు. కాపీ లేకపోతే ఉన్నది ఒక్కటే, రీజియన్ రోల్‌బ్యాక్‌లో (ఆ ప్రాంతాన్ని పాత స్థితికి వెనక్కి తిప్పినప్పుడు) పోతే పోయినట్టే. ట్రాన్స్‌ఫర్ లేకపోతే తిరిగి అమ్ముకోలేరు, కాబట్టి "రేపు రేటు పెరుగుతుంది" అన్న మాటకు అర్థమే లేదు.

పాత గాచా వస్తువులను (డబ్బు వేస్తే అదృష్టం కొద్దీ ఏదో ఒకటి ఇచ్చే యంత్రాల నుంచి వచ్చినవి) "రేర్" అని రెండు వేల లిండెన్లకు అమ్మేవాళ్లతో ఇంకా జాగ్రత్త. గాచా యంత్రాలను 2021 ఆగస్టు 31 తర్వాత నిషేధించారు. ఆ తర్వాత కొందరు తయారీదార్లు అవే వస్తువులను కాపీ పర్మిషన్‌తో మళ్లీ మామూలు అమ్మకానికి పెట్టారు. ముందు అసలు తయారీదారు షాపులో చూడండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఆర్డర్ హిస్టరీ పేజీని, ఎడిట్‌లో 38 కనిపిస్తున్న కిటికీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. డబ్బు తిరిగివ్వడం అమ్మినవాళ్ల చేతిలోనే ఉంటుంది, నివాసుల మధ్య ఇలాంటి గొడవల్లో సెకండ్ లైఫ్‌ను నడిపే లిండెన్ ల్యాబ్ మామూలుగా తలదూర్చదు. ఐఎంలు (చాట్ సందేశాలు) నిండిపోతే చేరవు కాబట్టి ఆర్డర్ నంబరుతో నోట్‌కార్డ్ పంపండి. రివ్యూలో కోపం వెళ్లగక్కకుండా లిస్టింగ్‌లో ఉన్న అంకె, మీకు వచ్చిన అంకె రెండూ రాయండి, లిస్టింగ్‌ను ఫ్లాగ్ కూడా చేయండి.