చైనాలోని గ్విలిన్ వెళ్తున్నారా? లీ నది టూర్ ఏజెంటుతో జాగ్రత్త

నిన్న రాత్రే గ్వాంగ్‌జౌకి తిరిగొచ్చాం, ఒళ్ళు ఇంకా మండిపోతోంది. ఇక్కడ మనవాళ్ళ వీచాట్ (చైనా వాట్సాప్ లాంటిది) గ్రూపుల్లో రోజూ ప్యాకేజీలు పెట్టే ఆ ఏజెంటు మీకు తెలిసే ఉంటాడు. ఏనుగు తొండం కొండ, మింగ్ వంశపు రాకుమారుల కోట, లీ నది మీద యాంగ్‌షువో ఊరి దాకా పెద్ద పడవ, అన్నీ కలిపి చవగ్గా అన్నాడు. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చారు కదా అని ముందే డబ్బంతా కట్టాను.

కోట దగ్గర వ్యాన్ ఆపనే లేదు. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఆ కోటలోని కొండరాతి మీద "గ్విలిన్ కొండలూ నీళ్ళూ లోకంలోకెల్లా మేటి" అని 1201లో చెక్కిన పద్యం చూడాలని ఎన్నాళ్ళుగానో ఆశ పెట్టుకున్నారు. టైమ్ లేదంది గైడు. జేడ్ రాతి నగల షాపులో మాత్రం గంటల తరబడి కూర్చోబెట్టింది.

అక్కడ అమ్మ వద్దంటున్నా చేతికి గాజు తొడిగేశారు. తీయబోతే రాలేదు. సబ్బునీళ్ళు పోసి లాగితే మణికట్టు కందిపోయింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పడవకి టైమవుతోంది, పోదాం పదమన్నాను. "కొంటే పడవ, కొనకపోతే మీ దారి మీది" అని గైడు మా బ్యాగులు తీసి రోడ్డు మీద పెట్టేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆయన ముఖం కూడా చూడకుండా వ్యాన్ తలుపు వేసుకుంది! డబ్బు పోయినందుక్కాదు, ఆ తలుపు చప్పుడికి నాన్న వెనక్కి జరిగారు చూడండి, అది తల్చుకుంటేనే రక్తం మరిగిపోతోంది.

20 యువాన్ల నోటు వెనక కనిపించే షింగ్‌పింగ్ కొండలు చూడకుండానే అమ్మానాన్నలు ఇండియాకి వెళ్ళిపోతున్నారు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పెద్ద పడవ టికెట్ పాస్‌పోర్ట్ మీదే ఇస్తారు, పాస్‌పోర్ట్ అడక్కుండా బుక్ చేశామంటే నమ్మకండి. ఏనుగు తొండం కొండకి 2022 నుంచి టికెట్టే లేదు, దానికీ మా దగ్గర డబ్బు తీసుకున్నాడు. వెదురు తెప్ప అని చెప్పేవి చాలావరకు ప్లాస్టిక్ పైపులకి మోటారు కట్టినవే. బలవంతంగా షాపింగ్ చేయించడాన్ని చైనా 2013 టూరిజం చట్టం నిషేధించింది. ఏదైనా కొనిపించి ఉంటే, టూర్ అయిన 30 రోజుల్లోపు వాపసు అడగొచ్చు.

రేపు పొద్దున్నే 12345కి (ఇక్కడి ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు) ఫోన్ చేస్తున్నా. ఇదే ఏజెంటు చేతిలో మోసపోయినవాళ్ళుంటే పేమెంట్ స్క్రీన్‌షాట్లు పంపండి, అందరం కలిసి కంప్లైంట్ ఇద్దాం.